పెట్టె పట్టుకునే మనిషి

"...అక్కని పంపు, పది రోజులేగా అంటే దానికీ వంకేనా బావా? నీ బెలూను లేవకపోతే లోకంలో గాలి ఆడటం మానేస్తుందా?"

"గాలి మానదు, దాని లెక్క తప్పుతుంది. నీకెన్నిసార్లు చెప్పినా తలకెక్కదు."

"తలకెక్కేలోపు నా ఆపరేషన్ కూడా అయిపోతుంది. అక్కకివ్వు ఫోను."

ఫోను స్పీకరులో ఉంది. వంటగదిలో గిన్నెలు తోముతున్న అక్కకి ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది. చెల్లెలికి సోమవారం కడుపుకి ఆపరేషన్. కూతురు పెళ్లై పరదేశం వెళ్లిపోయింది; మంచం పక్కన కూర్చోడానికి ఇంకెవరూ లేరు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చేసరికి భర్త, "సాయంత్రం మాట్లాడుతుందిలే" అని పెట్టేశాడు.

అతను వాతావరణ కేంద్రంలో పరిశీలకుడు. కేంద్రమంటే ఒక గది, ఒక గ్యాసు షెడ్డు, చుట్టూ ముళ్లకంచె. ఆ కంచెలోనే వీళ్ల రెండు గదుల క్వార్టరు. రోజుకి రెండుసార్లు, ప్రపంచమంతా ఒకే సమయానికి, ఇలాంటి కేంద్రాల నుంచి బెలూన్లు లేస్తాయి. బెలూను కింద పొడుగాటి దారం, దారం చివర చిన్న పెట్టె. పైన గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగమో, ఎంత చలో ఆ పెట్టె చెబుతుంది.

బెలూను వదలడానికి ఒకరుంటే, పెట్టె పట్టుకుని గాలివాటున పరుగెత్తడానికి ఇంకొకరు కావాలి. దారం బిగిసేదాకా పరుగెత్తకపోతే పెట్టె కంచెకి కొట్టుకుని పగులుతుంది. ఆ పని చేసే సహాయకుడు మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. కొత్త మనిషిని ఇవ్వలేం, కుదరకపోతే కేంద్రం మూసేస్తాం అన్నారు పైవాళ్లు. "నేనొక్కణ్ణే చూసుకుంటాను సార్" అన్నాడితను. ఆ ఒక్కడిలో ఆమె కూడా ఉంది.

అప్పట్నుంచి ఆమె ఒక్క రాత్రి కూడా కంచె దాటి పడుకోలేదు. చెల్లెలి కూతురి పెళ్లిలో అందరూ భోజనాలకి కూర్చుంటుంటే ఈమె చెప్పులు వెతుక్కుంది, సాయంత్రం బెలూనుకి అందాలని.

మొదట్లో అతను ఉత్సాహంగా వివరించేవాడు. భూమి నడుము దగ్గర ఎండ ఎక్కువ. అక్కడ గాలి వేడెక్కి లేస్తుంది, ధ్రువాల వైపు సాగుతుంది, దారిలో చల్లబడి దిగుతుంది, నేల మీదుగా బయల్దేరిన చోటికే వస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా రాలేక పక్కకి వంగుతుంది. అందుకే ఇక్కడ కింద తూర్పుగాలి, బాగా పైన పడమటిగాలి. గాలి లేచే పట్టీ సూర్యుడి వెంట జరుగుతుంది. అది నెత్తిమీదికొస్తే వానలు; గాలి దిగే చోట ఎడారులు.

"అయితే అదీ ఎక్కడికీ పోదన్నమాట. తిరిగి తిరిగి ఇక్కడికే."

"దానివల్లే కదే వానలు పడేది."

"నేనంటున్నది వానల గురించి కాదు."

ఆ సాయంత్రం ఈదురుగాలి వీస్తోంది. అతని పాత బూట్లు వేసుకుని ఆమె పరుగెత్తింది. పెట్టె జానెడు ఎడంలో కంచె దాటింది. బెలూను పడమరకి పోయి, చుక్కంతయ్యాక మెల్లగా వెనక్కి మళ్లింది.

"చెల్లికేం చెప్పను?" అందామె రొప్పుతూ.

"ఆసుపత్రిలో నర్సులుంటారుగా."

"ఆఫీసులో మనుషులుంటారుగా."

"నిజం తెలిస్తే మూసేస్తారే. ఈ ఇల్లు పోతుంది. ఈ వయసులో నన్నెక్కడ పడేస్తారో." అతని గొంతులో కోపం లేదు. కోపమైతే ఆమె ఎదురు చెప్పేది.

గదిలో ఫోను మోగింది. రోజూ ఈ వేళకి పై ఆఫీసు నుంచి అధికారి చేసేదే. అతను చేతి తొడుగులు విప్పుకునేలోపు ఆమె వెళ్లి తీసింది.

"లేచిందా?"

"లేచింది సార్. నేను ఆయన భార్యని. మూడేళ్లుగా పెట్టె పట్టుకుని పరుగెత్తుతున్నది నేనే. ఆదివారం పొద్దున బెలూను దాకా ఉంటాను. ఆ తర్వాత మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను."