సోమవారం, మూడో బెడ్డు

మా ఆస్పత్రిలో ఆయన అసలు పేరు జీతాల షీటులో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. వెనకాల అందరం రేపు సార్ అనేవాళ్లం. ఎదురుగా నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. నాది రికార్డు గది, ఆయనది పక్కనున్న సర్వర్ గది. మధ్యలో పల్చటి చెక్క గోడ. ఆయన తుమ్మితే ఇటు నుంచి నేను చిరంజీవ అనేదాన్ని.

ఏ పని చెప్పినా రేపు చేద్దాం అనేవాడు. ప్రింటరు ఆగితే రేపు, పాస్‌వర్డు మర్చిపోతే రేపు. భార్య పోయి మూడేళ్లయినా ఆమె చీరలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేయొచ్చుగా అంటే అదీ రేపే. ఆమె మా డయాలసిస్ వార్డులోనే రెండేళ్లపాటు రక్తం శుద్ధి చేయించుకుని పోయింది.

ఆ వార్డంతా ఆయన చేతి కింది సర్వర్ మీదే నడిచేది. దానికి పధ్నాలుగేళ్లు. దుమ్ము పట్టిన ఫ్యాను గురక పెట్టేది. మాకున్నవి ఆరు బెడ్లు. ఒకప్పుడు రోగుల బంధువులు వంతు కోసం గేటు దగ్గర తలలు పగలగొట్టుకున్నారు కాబట్టి ఒక నియమం పెట్టారు. సర్వర్ నుంచి ముందుగా ఫోనుకు మెసేజ్ వస్తేనే రావాలి, లేకపోతే వాచ్‌మన్ లోపలికి వదలడు. మెషీన్ పాడైతే వంతు ఒకటి రెండు రోజులు వెనక్కి పోయేది. రోగులు దానికీ అలవాటు పడ్డారు.

ఆ సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసినవాళ్లే వదిలేసి ఎనిమిదేళ్లయింది. కొత్త వెర్షన్ వేయమని సూపరింటెండెంటు ఏడాదికో ఉత్తరం రాసేవాడు.

"నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకు చెల్లెమ్మా?" అనేవాడు ఈయన.

ఆఖరికి ఈ శనివారం లోపు వేయకపోతే ఉద్యోగం ఉండదన్నారు. శనివారం మధ్యాహ్నం తలుపేసుకుని కూర్చున్నాడు. కొత్తది ఎక్కాలంటే పాత డిస్కులు రెండూ తుడిచేయాలి. తుడిచాడు. రోజూ తీసిపెట్టిన నకలులోంచి రోగుల జాబితాను మళ్లీ ఎక్కించాడు. నాలుగింటికి బయటికొచ్చి, "అయిపోయింది చెల్లెమ్మా. ఇంతోటి దానికి ఇన్నేళ్లు భయపడ్డాను" అని నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది. నేనే టీ తెప్పించాను.

సోమవారం పొద్దున ఆరింటికి వార్డులో నాలుగు బెడ్లు ఖాళీగా ఉన్నాయి. కంప్యూటరు చూసిన సిస్టర్ కేక పెట్టింది.

"ఇదేం జాబితా? ఇందులో సగం మంది పోయినవాళ్లే!"

జరిగింది ఇదీ. నాలుగేళ్ల కిందట డిస్కు నిండిపోతే ఆయన జాబితాను రెండో డిస్కులోకి మార్చాడు. నకలు తీసే ప్రోగ్రాముకు ఆ కొత్త చోటు చెప్పాలి. రేపు చెబుదాంలే అనుకున్నాడు. అది నాలుగేళ్లూ ప్రతిరోజూ పాత జాబితాకే నకలు తీసి, పని పూర్తయిందని తెర మీద రాస్తూ వచ్చింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఈ నాలుగేళ్లలో చేరినవాళ్లు నలభై ముగ్గురు. వాళ్ల ఫోను నంబర్లు ఇక నా గదిలోని కాగితాల్లోనే ఉన్నాయి. ఆయనా నేనూ నేల మీద కూర్చుని కట్టలు విప్పాం. ఒక్కో ఫారం దొరకగానే సిస్టర్ ఫోను చేసేది. ఆయన తల ఎత్తలేదు. చేసిన పొరపాటుకు అనుకున్నాను.

టైలరమ్మ ఫారం అందరికంటే ఆఖరున దొరికింది, మూడింటికి. ఎవరో వేరే ఏడాది కట్టలో పెట్టారు. ఆ ఎవరో నేనే కావచ్చు. మా సిస్టర్ల యూనిఫారాలన్నీ ఆవిడ కుట్టినవే. నా జాకెట్టు చంక దగ్గర పిగిలితే, "ఇటివ్వమ్మా, దీనికీ డబ్బులేనా?" అని లాక్కుపోయింది. ఆవిడ ఆఖరి వంతు గురువారం అయింది. సోమవారం తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

ఈసారి నేనే ఫోను చేశాను. ఆమె కూతురు ఎత్తింది. "మెసేజ్ వస్తుందేమోనని అమ్మ పొద్దున్నే తయారై కూర్చుందండీ. మెసేజ్ రాలేదు, మెషీన్ పాడైనట్టుంది, రేపు పిలుస్తార్లే అంది. పదకొండింటికి ఊపిరాడలేదు. ఆటో వచ్చేలోపే... ఇప్పుడు పిలుస్తున్నారా?"

నేను ఫోను పెట్టేశాను. ఆయన తన ఫోను తీసి నా ముందు పెట్టాడు. మెసేజ్. పైన ఆయన భార్య పేరు. సోమవారం, ఉదయం ఆరు గంటలు, మూడో బెడ్డు. వచ్చింది శనివారం సాయంత్రం ఆరున్నరకు.

"అంటే మీకు తెలుసా?"

"చూడగానే తెలిసింది. జాబితా పాతదని."

"ఆదివారమంతా ఉంది కదా అన్నయ్యా! కట్టలన్నీ విప్పేవాళ్లం!"

"చెబితే దాని పేరు మళ్లీ తీసేస్తారు చెల్లెమ్మా. జాబితాలో అది బతికే ఉంది. ఒక్క పూట ఉంచుకుందామనుకున్నా. రేపు చెబుదాంలే అని..."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయకుండా, సిగ్గుమాలిన మాటొకటి అన్నాను.

"అది తుడిచేయండి. ఎవరికీ చెప్పకండి."

"రేపు తుడుస్తాను" అన్నాడు.

మర్నాడు విచారణకు వచ్చినవాళ్లు అడగకముందే ఆ ఫోను తీసి వాళ్ల బల్ల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికో, తుడవడానికి చేతులు రాకో, నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం తీసేశారు. ఫోనును కవరులో పెట్టి సీలు వేసి, టైలరమ్మ ఫైలులో ఉంచమని నాకే పంపారు. ఉంచాను.

పది రోజులకు ఆయన వచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీ ఒకటి లేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్కసారి ఆ మెసేజ్ చూసి వెళ్లిపోతా చెల్లెమ్మా."

టైలరమ్మ కుట్టిచ్చిన జాకెట్టే ఆ రోజు నా ఒంటి మీద ఉంది.

"రేపు రండి సార్" అన్నాను.

అన్నయ్యా అనలేదని ఆయనకు అర్థమైంది. తలూపి వెళ్లిపోయాడు. మర్నాడు నేను వచ్చేసరికే రికార్డు గది ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెప్పిన రోజుకు ఆయన రావడం నేను చూడటం అదే మొదలు. ఆ ఫైలున్న బీరువా తాళంచెవి నా చేతిలోనే ఉంది, తీయలేదు.