కళ్లంలో ఫీజు

మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, జనగామ బస్సెక్కితే, పక్క సీటు అమ్మాయి కుదురుగా కూర్చోదు, నన్ను కూర్చోనివ్వదు. ఒకసారి ఫోన్ చూస్తుంది, ఒకసారి కిటికీలోంచి మబ్బు చూస్తుంది. ఏంది కథ అని అడిగితే చెప్పింది. టీవీలో వార్తలు చెప్పడం నేర్పే డిగ్రీలో చేరాలని ఉందట. అమ్మి ఆ ఫీజు కట్టాల్సిన మిర్చి ఇంకా గూడూరు దగ్గర వాళ్ల కళ్లంలో ఎండుతోందట.

“అంత కడితే కొలువొస్తదా, చెల్లె?”

“అందరికి రాదంటున్నరన్నా. గదే తేల్చుకోలేకపోతున్న.”

“నేను ఎనిమిదిలనే బడి బంద్ చేసిన. అయినా ఈ నోరు బంద్ కాలే, పెళ్లిళ్లల్ల మిమిక్రీ చేస్త. మాట్లాడుటానికి గూడ డిగ్రీనా?”

ఆమె నవ్వలేదు. తండ్రికి ఫోన్ చేసింది.

“బాపూ, వానొస్తున్నది. మిర్చి మీద పరదాలు కప్పు.”

“ఈడ ఎండ మండుతున్నది. బస్సుల కూసున్న నీకేం ఎరుక?” అన్న గొంతు నాకూ వినిపించింది. ఆమె బతిమాలినా ఆయన వినలేదు.

నేను ఊరుకుంటానా! ఫోన్ అందుకుని, గొంతు బరువు చేసి, టీవీ వాళ్లలా చదివాను: “మహబూబాబాద్ జిల్లా రైతులకు హెచ్చరిక. కాసేపట్లో ఉరుములు, మెరుపులతో కూడిన భారీ వర్షం.”

 అటునుంచి, “ఏయ్, పరదాలు తేండ్రి!” అని కేక.

“చూసినవా? పైస ఖర్చు లేకుండ!” అని ఫోన్ తిరిగిచ్చాను.

“గదే మాట నేను చెప్తే నమ్మలే కదన్నా,” అందామె. “గందుకే ఫీజు.”

అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. ఆమె తొర్రూరులో దిగిపోయింది. డిగ్రీలో చేరిందో లేదో తెలియదు.

ఇప్పటికీ పెళ్లిళ్లలో నాచేత రకరకాల గొంతులు పలికిస్తారు. అన్నీ చేస్తాను. వార్తల గొంతు మాత్రం అడగొద్దంటాను, అది ఫీజు కట్టి నేర్చుకునేవాళ్లది.