రేపల్లె స్టేషన్లో చెప్పిన మాట

పంతొమ్మిది వందల డెబ్బైల్లో కర్నూలు నుంచి తెనాలికి ఉద్యోగానికి వచ్చాను. పెళ్లి ఊసు లేకుండానే, ఒక స్నేహితుడితో రేపల్లె లాడ్జిలో ఒక రోజు గడపడానికి ఒప్పుకున్నాను. అతను రేపల్లె స్టేషన్లో ఎదురుచూస్తానన్నాడు. ఒక్కదాన్నే రైలెక్కాక మనసు మారింది.

తెనాలిలో చేపలమ్మి తిరిగి వెళ్తున్న ఒకామె నా ముఖం చూసి, "ఏంటమ్మా, అలా ఉన్నావు?" అంది. అంతా చెప్పేశాను.

"మాటిచ్చాను కదా పిన్నీ."

తిడుతుందనుకున్నాను. "ఇస్తే ఏంటి? ఒళ్లు నీది. ఇష్టం లేకపోతే వద్దని చెప్పు. గదిలోకెళ్లాక కాదు, స్టేషన్లోనే, జనంలో చెప్పు. నేనుంటాలే" అంది.

రేపల్లెలో దిగగానే అతను ఎదురొచ్చాడు. పిన్ని ఖాళీ గంపతో మాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"ఇవాళ నాకు ఇష్టం లేదండి" అన్నాను.

 అతను, "చెప్పారు, మంచిదైంది. తిరుగు బండికి టైముంది, టీ తాగుదామా?" అన్నాడు.

పిన్నిని కూడా పిలిచాను.