సంత రోజు శ్రీలత ఎవరి వంతు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు జూన్‌లో నన్ను వనపర్తి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఐటిఐకి ట్రైనింగ్ ఆఫీసర్‌గా వేశారు. ప్రిన్సిపాల్‌కు కింద, పాఠం చెప్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్లకు పైన ఉండే కుర్చీ అది. మంచి జరిగితే పైవాళ్ల పేరు, చెడు జరిగితే మన పేరు. చేరగానే ఎలక్ట్రీషియన్ ట్రేడులో డ్యూయల్ శిక్షణ బాధ్యత నాకు అప్పగించారు.

డ్యూయల్ అంటే చదువు రెండు చోట్ల. కొన్ని నెలలు మా దగ్గర, కొన్ని నెలలు బయట పనిచోట. ఆ యజమానితో ఐటిఐ ఒప్పందం రాసుకుంటుంది. అక్కడ హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. మా ఒప్పందం పెబ్బేరులో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఖాజా మేస్త్రితో. ఆయన షాపుకు పంపిన నలుగురిలో శ్రీలత ఒకతె. పక్క ఊళ్లో సేద్యంతో పాటు కోడెల బేరం కూడా చేసే కురుమయ్య కూతురు. షాపు దగ్గరుందనే ఆయన ఈ చదువుకు ఒప్పుకున్నాడు. అది పోతే మిగిలేది హైదరాబాద్ దారిలోని ఫ్యాక్టరీ. అంత దూరం పంపనని, చదువు మాన్పిస్తానని ముందే చెప్పేశాడు.

నెల తిరక్కుండానే మేస్త్రి ఫోన్ చేసి ఒప్పందం రద్దు చేసుకుంటానన్నాడు. షాపు నెలల్లో కూడా పిల్లలు వారానికొక రోజు థియరీ క్లాసుకు మా దగ్గరికి రావాలి. టైమ్‌టేబుల్‌లో అది సరిగ్గా పెబ్బేరు పశువుల సంత రోజున పడింది.

“సంతనాడే ఊర్లకెల్లి కాలిన మోటార్లు ఏసుకొస్తరు సార్. తక్కిన దినాలల్ల నేను, నా చాయ్. పని లేనప్పుడు పిల్లల్ని తోలి, పనున్ననాడు గుంజుకపోతే నేనేం నేర్పాలె, చాయ్ తాగుడా?” అన్నాడు.

మాట న్యాయమైనదే. టైమ్‌టేబుల్ మార్చడం అంత తేలిక కాదన్నారు ప్రిన్సిపాల్ గారు. ఇంతకూ ఆ క్లాసుకు ఎవరెవరు వస్తున్నారని ఆరా తీస్తే, శ్రీలత ఒక్కసారి కూడా రాలేదని తేలింది. సంతనాడు అటు షాపులో లేదు, ఇటు క్లాసులో లేదు. నాకు ఒళ్లు మండింది. తరువాతి సంతకు నేనే బయలుదేరాను.

సంతలోనే దొరికింది, కోడెల పగ్గాలు పట్టుకుని. పక్కన కురుమయ్య దళారితో బేరంలో ఉన్నాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లతో చెప్పుకుంటారు. చేయి అక్కడ చిక్కుకుంటే పగ్గం ఇంకొకరు పట్టాలి. నన్ను చూసి కూడా ఆయన చేయి తీయలేదు.

“మీ క్లాసు మల్ల చెప్పుకుంటరు సార్. బేరం మల్ల రాదు. ఇంట్ల ఇంకో మనిషి లేకపాయె, ఏం చెయ్యమంటరు?” అన్నాడు.

“నాకు షాపుకే పోవాలని ఉంది సార్. నాయిన్ని ఇడిసి ఎట్ల పోను?” అంది శ్రీలత తల వంచుకుని.

తిడదామని వచ్చినవాడిని, ఆ మాటతో చల్లబడిపోయాను. పగ్గాలు నేను అందుకుని ఆమెను షాపుకు పంపించాను. నా సర్వీసులో ఏ సర్క్యులర్‌లోనూ లేని పని అది. ఒక కోడె నా చొక్కా చేయి నమలబోయింది. బేరం కూడా చెడింది. నేను బిక్కుబిక్కుమంటూ నిలబడిన తీరు చూసి, కొనేవాడు కోడె పొడుస్తుందనుకున్నాడట.

మధ్యాహ్నం ఖాజా మేస్త్రి షాపులో ఆయనా, కురుమయ్యా, నేనూ ముగ్గురం కూర్చున్నాం. శ్రీలత మనందరికీ ఒకే రోజు కావాలి, తక్కిన రోజుల్లో ఎవరికీ అక్కర్లేదు అన్నాను. ముందు మేస్త్రి నవ్వాడు, తరువాత కురుమయ్య. నవ్వాక మాట సులువైంది.

“కోడెల్ని నా దుకాణం ఎనక కట్టేయ్ కురుమన్నా. బేరం తగిలినప్పుడు నా పనోడొచ్చి పగ్గం పడ్తడు. పిల్ల మాత్రం మోటర్ కాడ్నే ఉండాలె. ఇత్తనాలప్పుడు గూడ పంపుతవా?” అని అడిగాడు మేస్త్రి. కురుమయ్య “పంపుత” అన్నాడు.

ఇక మా వంతు. థియరీని వేరే రోజుకు జరిపి, సంతనాడు మా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరే షాపుకు వెళ్లి, విప్పిన మోటారు ముందే పాఠం చెప్పేలా రాసి పెట్టాను. హాజరుకు ఆ ఆఫీసరూ, మేస్త్రీ ఇద్దరూ పూచీ పడాలనే షరతు మీద ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు.

శ్రీలతకు హాజరు సరిపోయింది. ప్రాక్టికల్ పరీక్షలో ఆమె చుట్టిన మోటారు స్విచ్ వేయగానే చప్పుడు లేకుండా తిరిగింది. నాకు నిజంగా సంతోషమైంది. ఇప్పుడు ఆ షాపులోనే జీతానికి పనిచేస్తోంది.

రెండు చోట్ల నేర్పే చదువులో బాధ్యత ముగ్గురిది: ఐటిఐది, యజమానిది, ఇంటివాళ్లది. మా ఒప్పందం మీద సంతకాలు మాత్రం ఇద్దరివే. తరువాత అయిజలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లుకు ఇదే పని మీద వెళ్లినప్పుడు, కాగితాలు బయటికి తీయకముందే మేనేజర్‌ను రెండు ప్రశ్నలడిగాను. మీకు పని ఎక్కువుండే రోజేది, పిల్లల ఇళ్లలో పని ఎక్కువుండే రోజేది. మొదటిదానికి వెంటనే జవాబు చెప్పాడు. రెండోది తల్లిదండ్రులను పిలిపించి కనుక్కున్నాం. టైమ్‌టేబుల్ ఆ తరువాతే రాశాం.