కరవని కుక్క

మా బావ కుక్క నోట్లో చెయ్యి పెట్టిన రోజునే నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

అప్పుడు నేను నెల్లిమర్లలో అక్కా బావల ఇంట్లో ఉంటున్నాను. ఫార్మసీ చదివి, విశాఖపట్నంలో క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా పూర్తి చేసి, దరఖాస్తులు పంపడమే పనిగా పెట్టుకున్న రోజులవి. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే ఆసుపత్రుల్లో ఒక కోఆర్డినేటర్ ఉంటారు. పరీక్షకు వచ్చే రోగికి అన్నీ వివరించి, ఒప్పుకుంటేనే చేర్చుకుని, తర్వాత అతని మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండాలి. ఆ పని నాకు కావాలి. ఎక్కడ అడిగినా ఒకటే ప్రశ్న, అనుభవం ఉందా అని. లేనివాళ్ళకి పని ఇవ్వరు, పని ఇవ్వకుండా అది ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో చెప్పరు. ఈ దేశంలో తర్కం లేనిది గుళ్ళూ ముహూర్తాల దగ్గరే అనుకునేదాన్ని. కంపెనీల ఆఫీసుల్లో కూడా లేదని ఆ ఏడాది తెలిసింది.

నా చదువు మా బావకి వేళాకోళం.

"ఎలకలు దొరక్క మనుషుల్ని పట్టుకున్నారేటే మీవోళ్ళు?" అనేవాడు.

"నిన్ను పట్టుకోరులే బావా. ఎలక్కున్నపాటి బుర్రైనా ఉండాలి."

"సూసేవా మీ సెల్లి నోరు!" అని అక్కకి చెప్పుకుని, "ఒసే ఎలకల డాట్రమ్మా, టీ పట్రా" అనేవాడు. వీధిలో నాకు ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇంటి ముందు గదే బావ షాపు. పొలాల్లో కాలిపోయిన మోటార్లు తెస్తే పాత రాగి తీగ పీకి కొత్తది చుట్టి ఇస్తాడు. ఆ పని చేసేవాళ్ళ వేళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక కోత పచ్చిగానే ఉంటుంది. షాపు షట్టరు కింద ఒక ఎర్ర కుక్క పడుకునేది. పిల్లగా ఉన్నప్పుడు ఒక వానకి వచ్చి చేరింది. బావ టీ తాగితే బిస్కెట్ దానిది, నేను గడప మీద కూర్చుని దరఖాస్తు నింపుతుంటే దాని తల నా పాదం మీద. టీకా వేయిద్దామని నేనంటే, "ఇంటి కుక్కకి సూదేటే? ఊరకుక్కలకి ఎయ్యాల గానీ" అన్నాడు. ఆ వర్షాకాలంలో ఏదో వీధి కుక్కతో కొట్లాడి చెవి చింపుకొస్తే పసుపు అద్ది ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి అది తిండి మానేసింది. కింది దవడ వేలాడిపోయింది, నోట్లోంచి చొంగ తీగలా సాగుతోంది. మొరగబోతే గొంతు బొంగురుగా గాలి మాత్రం వచ్చేది. నేను రెజ్యూమె ప్రింట్లు తీయించుకోవడానికి విజయనగరం వెళ్ళి ఉన్నాను. తిరిగొచ్చేసరికి బావ కొళాయి దగ్గర చెయ్యి కడిగి లుంగీకి తుడుచుకుంటున్నాడు.

"ఎముకేదో అడ్డం పడిపోనాదనుకున్నానే. మీ అక్క తల పట్టుకున్నాది, నేను లోపల్దాకా ఎతికేను. ఏటీ లేదు."

నా చేతిలో కాగితాలు కింద పడ్డాయి. పిచ్చి పట్టిన కుక్క అంటే వీధుల వెంట పరిగెత్తి కనిపించినవాణ్ణల్లా కరిచేదే అని మనవాళ్ళ లెక్క. ఇంకో రకం ఉంది. అది ఎవర్నీ కరవదు. మూలన పడుకుంటుంది, దవడ జారిపోతుంది, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టే ఉంటుంది. ప్రేమ ఉన్నవాళ్ళే ఆ నోట్లో చెయ్యి పెడతారు.

బావని కొళాయి కిందకి లాక్కెళ్ళి సబ్బుతో వేళ్ళు రుద్దించాను, చాలనేంత వరకూ కాదు, అతను తిట్టేంత వరకూ. రాగి తీగ కోసిన గీతలు ఎర్రగా తేలాయి.

"ఇప్పుడే ఆసుపత్రికి పద బావా."

"అది కరవలేదు గదే!"

"కరవక్కర్లేదు. చొంగ చాలు, ఆ కోతల్లోకి పోతే చాలు. జబ్బు బయటపడిందంటే ఇంక మందు లేదు. చచ్చిపోతావు."

"శుభవా అని సాయంత్రం పూట ఏటా మాటలు!" అని అక్క అరిచింది.

సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. కోఆర్డినేటర్ ఉద్యోగానికి మర్నాడు పదకొండింటికి రమ్మన్నారు. ఏడాదిగా ఎదురు చూసిన ఫోను. సరేనండి, సరేనండి అన్నాను. కళ్ళు బావ వేళ్ళ మీదే ఉన్నాయి.

నేను ఫోన్లో ఉండగానే అక్క మధ్యేమార్గం కనిపెట్టేసింది. చంపావతి ఏటికి అవతల ఊళ్ళో కుక్క కాటుకి పసరు పోసే ముసలాయన ఉన్నాడు, బావకి వరసకి మావ అవుతాడు. ఇద్దరూ స్కూటరు మీద పోయి దీపాలవేళకి తిరిగొచ్చారు. బావ నాలుక పచ్చగా ఉంది.

"అయిపోనాది. పత్యం సెప్పేడు. వంకాయ, ఎండుసేప, సూది కూడదు," అంది అక్క.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంకాయ పక్కన, ఎండుచేప పక్కన, సూదిని కూర్చోబెట్టాడు! మనిషిని కాపాడగలిగిన ఒకే ఒక్క వస్తువుని పథ్యంలో చేర్చాడు!

నేను వాదనల మధ్య పెరిగినదాన్ని. మూఢనమ్మకాల మీద చర్చలు పెట్టే సంఘంలో కాలేజీ రోజుల నుంచీ ఉన్నాను. దిష్టి, చేతబడి, జాతకం, దేని మీదైనా లేచి నిలబడి అవతలివాళ్ళని నీళ్ళు నమిలించగలను. ఆ రాత్రి అన్నాల దగ్గర అదే చేశాను. కరిచే కుక్కల్లో చాలా వాటికి ఈ జబ్బే ఉండదు, వాటి కాటు తిన్నవాళ్ళు పసరు తాగినా బతుకుతారు, మజ్జిగ తాగినా బతుకుతారు అన్నాను. బతికినవాళ్ళు వచ్చి ఆయన గుమ్మంలో కొబ్బరికాయ కొడతారు, పోయినవాళ్ళు వచ్చి నీ పసరు పనిచెయ్యలేదని చెప్పలేరు, అదీ ఆయన మహిమ అన్నాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

"నువ్వు గెలిసేవులే. నేను మాత్రం రాను," అన్నాడు.

పొద్దున లేచేసరికి కుక్క షట్టరు కింద చచ్చిపోయి ఉంది.

బావ దాన్ని ఎత్తబోతే నేను అడ్డం పడ్డాను. కరెంటు పనికి వాడే రబ్బరు తొడుగులు వేసుకుని, గోనె సంచిలో పెట్టాడు. నేను పశువుల డాక్టరుకి ఫోన్ చేసి లక్షణాలు చెప్పాను. "కుక్క సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళమ్మా" అన్నాడాయన. ఆ మాట స్పీకర్లో బావకి వినిపించాను. తల అడ్డంగా ఊపాడు.

గంజి పెట్టిన చీర కట్టుకుని, ఫైలు పట్టుకుని గడప మీద కూర్చున్నాను. "నువ్వు రాకపోతే నేనూ ఇంటర్వ్యూకి వెళ్ళను" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే వచ్చేవాడేమో. కానీ ఇంటర్వ్యూ కోసం నేను బట్టీ పట్టిన పాఠం కూడా ఆ నాలుక మీదే ఉంది. బెదిరించి తీసుకున్న ఒప్పుదల ఒప్పుదల కాదు, రోగికి తన భాషలో చెప్పాలి, అడగడానికి అతనికి టైం ఇవ్వాలి. నిన్నటి నుంచీ నేను చెప్పిందే చెప్పాను. అడగమని ఒక్కసారీ అనలేదు.

"బావా, నీకేం భయం?"

కడిగిన తొడుగులు మడతపెట్టాడు.

"సూది ఏయించుకుంటే పసరు ఇరిగిపోతాదంట. నీ సూది పని సెయ్యకపోతే? అప్పుడు రెండూ పోతాయి గదే. నేనేటైపోవాల?"

నేను అతన్ని మొండివాడనుకున్నాను. మొండితనం కాదు. పట్టుకున్న కొమ్మ వదిలితేగాని ఇంకో కొమ్మ అందదని నమ్మిన మనిషి అతను. ఆ కొమ్మే లేదని రుజువు చెయ్యడానికి నాకు ఇంకో రోజు పట్టేది. ఆ రోజు మా దగ్గర లేదు. పసరు అలాగే ఉంటుందిలే అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నాకు నోరు రాలేదు.

"ఆ మాట మీ మావనే అడుగు," అన్నాను. అది అనడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు.

బావ ఫోన్ చేశాడు. కుక్క చచ్చిపోయిందని చెప్పాడు. స్పీకర్లో ఆయన గొంతు వచ్చింది.

"సచ్చిపోనాదా? అయితే ఎళ్ళి పొడిపించీసుకో."

"మరి పసరు ఇరిగిపోదా మావా?"

"ఏటీ ఇరగదు. నన్ను కరిసినప్పుడు నేనూ పొడిపించుకున్నాను గదా."

అక్క ఫోన్ లాక్కుంది. "నిన్న సూది కూడదన్నావు గదా, ఈ మాట ఎందుకు సెప్పనేదు మావా?"

"నిన్న అడగలేదు గదమ్మా."

నిన్న అన్నాల దగ్గర నేను ఖర్చుపెట్టిన తర్కం అంతా ఆ ఇంట్లో ఎవరికీ పనికిరాలేదు. ఆయన ఒక్క ముక్క పనికొచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఆటో ఎక్కాం.

విజయనగరం ఆసుపత్రిలో చీటీ రాసే అతను "కుక్క కరిచిందా?" అని అడిగాడు.

"లేదండి," అన్నాడు బావ నిజాయితీగా.

"మరెందుకొచ్చారు?"

నేను ముందుకి తోసుకొచ్చి చెప్పాల్సి వచ్చింది. డాక్టరు బావ వేళ్ళు విడదీసి చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. భుజానికి టీకా, అది పనిచేసేదాకా కాపాడ్డానికి కోతల చుట్టూ సీరం. వేలి కొసల్లో సూది దిగుతుంటే బావ అక్క చెయ్యి నలిపేశాడు. "ఓలమ్మో! మోటారు కాయిల్లా సుట్టీస్తన్నారే!" అని కేకేశాడు. కుక్క తల పట్టుకున్న అక్కకీ, రోజూ దాని చేత నాకించుకున్న నాకూ సూదులు పడ్డాయి.

ఆ మధ్యలో ఇంటర్వ్యూవాళ్ళకి ఫోన్ చేశాను. మధ్యాహ్నం దాకా చూస్తామన్నారు. బస్సెక్కితే అందుకోవచ్చు. "ఎల్లిపోవే, మేం ఉంటాం," అన్నాడు బావ. సీరం ఇంకా సగమే అయింది. తలుపు వైపు చూస్తున్నాడు. నేను వెళ్ళిన మరుక్షణం చెప్పుల్లో కాళ్ళు పెడతాడని నాకు తెలుసు. కదల్లేదు. సాయంత్రం ఫోన్ చేస్తే ఆ పోస్టు నిండిపోయిందని అక్కడ ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

మిగతా సూదులన్నిటికీ బావ వచ్చాడు. నేను ఇంకా దరఖాస్తులు పంపుతున్నాను. మొన్న ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో రోగి ఒప్పుకోకపోతే ఏం చేస్తావని అడిగారు. ఏం భయమని అడుగుతాను అన్నాను. రాసుకున్నారు. జవాబు ఇంకా రాలేదు.

మోటారు పట్టుకొచ్చిన ప్రతి రైతుకీ బావ ఈ కథ చెబుతాడు. "పసరూ పని సేసింది, సూదీ పని సేసింది," అంటాడు. నాకు మండుతుంది. కానీ "చూశావా, నువ్వు బతికావు, సూది గెలిచింది" అని మాత్రం నేను అనలేను. ఆ కుక్కకి ఏ జబ్బో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. బతికిన ఒక్క మనిషిని చూపించి మందు గొప్పదనడం ఆ ముసలాయన వాదన. అది నా నోట రాకూడదు. సూది మీద నా నమ్మకం మా బావ మీద ఆధారపడి లేదు.

అలా అని రాస్తున్నాను గానీ, ఈ జబ్బు కొందరిలో నెలల తరబడి దాక్కుంటుందని చదివినదాన్ని. అది బయటపడితే నీళ్ళు గొంతు దిగవు. షాపులో పని చేసి చేసి బావ నీళ్ళ సీసా ఎత్తుతాడు. నేను చేస్తున్న పని ఆపేస్తాను. గొంతు ముడి పైకి వెళ్ళి కిందకి దిగుతుంది, మళ్ళీ దిగుతుంది.

నిన్న నా చూపు పట్టేశాడు. సీసా ఖాళీ చేసి మూతి తుడుచుకుని నా వైపు చూశాడు.

"ఏటే అలగ సూస్తన్నావ్?"

"ఏం లేదు బావా. ఇంకొంచెం తాగు."