ఒక్క అక్షరం దిద్దించిన మేడమ్

మా ల్యాబ్ మేడమ్ పోయారని మంగళవారం ఉదయం మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. చాలాకాలంగా క్యాన్సర్‌తో బాధపడుతున్నారు కాబట్టి ఎవరమూ ఆశ్చర్యపోలేదు. అయినా ఆ రోజు ఆఫీసులో పని సాగలేదు.

భీమవరంలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఆవిడే చూసేవారు. మాకంటే ముందే వచ్చి, పాత నూలుగుడ్డతో కీబోర్డులన్నీ తుడిచేవారు. ఎవరి ప్రోగ్రామైనా ఆగిపోతే స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "స్క్రీన్ మీద ఏం రాసుందో పైకి చదవమ్మా" అనేవారు. చదువుతుంటే సగం తప్పులు మాకే కనిపించేవి.

రెండో సంవత్సరంలో ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి వచ్చింది. అలాంటివి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపం కనిపిస్తే ఎవరైనా సవరణ పంపొచ్చు. దాన్ని ఎలా వేసుకోవాలో చెప్పే పేజీలో ఒక ఫోల్డర్ పేరుకి చివరి అక్షరం ఎగిరిపోయింది. ఉన్నది ఉన్నట్టు కొడితే ఎర్రర్ వచ్చేది. అది పట్టుకున్నది నేనే. క్లాసంతా ఆ అక్షరం కలుపుకుని ముందుకెళ్ళిపోయింది.

మేడమ్ మాత్రం వదల్లేదు. "మనం పక్కవాళ్ళని అడిగి తెలుసుకున్నాం. తునిలోనో ఇంకెక్కడో ఒక్కతే కూర్చుని నేర్చుకునే పిల్లకి ఎవరు చెప్తారమ్మా? సవరణ నువ్వే పంపు" అన్నారు.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఇంగ్లీషులో రాయడమంటే చెమటలు పట్టేవి. సవరణతో పాటు పంపే నాలుగు మాటలూ పెద్ద క్షమాపణతో మొదలుపెట్టాను.

"క్షమాపణ దేనికమ్మా? నువ్వేం తప్పు చెయ్యలేదుగా. ఏముందో, ఏముండాలో రాయి, చాలు" అన్నారు.

పంపిన కొన్నాళ్ళకి ఆ సవరణ తిరిగొచ్చింది. నేను దిద్దింది పాత వెర్షన్ పేజీనట. పరువు పోయిందనుకుని ఇక పంపనన్నాను. మేడమ్ ఆ జవాబు కూడా నాచేత పైకి చదివించారు. అందులో కోపమేమీ లేదు. ఏ పేజీ దిద్దాలో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు మర్యాదగా చెప్పారంతే. మళ్ళీ పంపాను, తీసుకున్నారు. సవరణ పక్కన నా పేరు పడింది.

ఆవిడ పొగడలేదు. జూనియర్ల ల్యాబుకి పిలిచి వెనక నిలబడమన్నారు. వాళ్ళచేత ఆ పేజీ తెరిపించి, అందులో ఉన్నట్టే కొట్టమన్నారు. ఒక్క కంప్యూటరూ ఆగలేదు. అక్కడో అక్షరం పోయి ఉండేదని ఆ పిల్లలకి తెలియనే తెలియదు. మేడమ్ నా వైపు చూసి తల ఊపారు. ఇప్పుడు నా ఉద్యోగం అలాంటి పేజీలు రాయడమే.

ఆఖరిసారి వేసవిలో రావులపాలెంలో వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో తలకి గుడ్డ కట్టుకుని కూర్చున్నారు. అప్పటికే ఆవిడకి ఏదీ సయించడం లేదు. చక్రకేళి అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టి, తియ్యగా ఉందా అని అడిగారు. ఉందండీ అన్నాను. నేను తినడం పూర్తయ్యేదాకా, తొక్క ఒడిలో పట్టుకుని, నన్నే చూస్తూ కూర్చున్నారు.