బజ్జీల పొట్లమూ, మసీదు గడపా

ఆ రోజుల్లో మనిషి పెద్దవాడు కావాలంటే ఉద్యోగమో పెళ్ళో కావాలనేవారు. నాకు మాత్రం కాస్త ఏకాంతం దొరికితే చాలనిపించేది. ఉర్దూ మదరసాలో చెప్పారు. తెలుగు మాత్రం గ్రంథాలయంలో పత్రికల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నా అంతట నేనే నేర్చుకున్నాను (ఈ మాట ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను). బోయిగూడలోని మా మసీదులో అజాన్ పిలిచే మౌజన్ సాబ్ గొంతు అప్పటికే జీరబోయింది. ఆయన తర్వాత ఆ పిలుపు నాది కావాలని నా ఆశ. అడిగితే ఒకటే షరతు పెట్టాడు: "రంజాన్ ఆఖరి పది రోజులు ఎతెకాఫ్ కూసో బేటా. గడప దాటకపోతే నేర్పిస్త. దాటినవా, కిస్సా ఖతం."

ఎతెకాఫ్ అంటే లోకాన్ని వదిలి మసీదులోనే ఉండి దైవధ్యానం చేసుకోవడం. వాడకట్టు తరఫున ఒక్కడు కూర్చున్నా చాలు కనుక, అందరూ మహా సంతోషంగా నన్నే కూర్చోబెట్టారు. మూలన దుప్పటి తెర కట్టుకుని జపమాల పట్టాను. వేళ్ళు పూసల మీద, మనసు పత్రికల బల్ల మీద. అది పోలీసు చర్యకు ముందరి రంజాన్. నిజాం మీదికి యూనియన్ సైన్యం వస్తుందట, రాదట అని పూటకో పుకారు. వార్త చదివొచ్చి అందరికీ చెప్పేవాణ్ణి నేను. ఆ నేనే లోపల చిక్కుకున్నాను.

ఒక సాయంత్రం మసీదు ఎదుట బండి పెట్టుకునే బజ్జీల మామ (హిందువు, మా నాన్నకు దోస్తు) ఇఫ్తారుకు మిరపకాయ బజ్జీలు పంపాడు. పొట్లం విప్పి ముందు కాగితం చదివాను. "సికింద్రాబాదుకు అన్ని దిక్కుల నుంచీ తరలివస్తున్న వేలాది..." అక్కడికి చిరిగిపోయింది. వేలాది ఏమిటి? జపమాల జేబులో పడేసి గడప దగ్గరికి ఉరికాను. మిగతా ముక్క మామ చేతిలోనే ఉంది, ఇంకెవరికో పొట్లం కాబోతోంది.

"మామా! ఆ కాగితం ఆపు!"

"వచ్చి తీస్కపో అల్లుడా."

"రానీకి లేదు. ఎతెకాఫ్‌ల ఉన్న."

"మరి పేపరెందుకు? అల్లాతోని మాట్లాడుడు అయిపోయిందా?"

సందులో నవ్వులు. నా కాలి బొటనవేళ్ళు గడప మీద బిగిశాయి. ఒక్క అడుగు వేస్తే వార్త. వేస్తే అజాన్ పోతుంది. వెనక మౌజన్ సాబ్ దగ్గు వినిపించింది. తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, చదివినదంతా గట్టిగా అరిచి చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి.

"వేలాది ఏందిరా? సిపాయిలా?" అంటూ మామ బాణలి వదిలేసి, కాగితంతో తానే పరుగెత్తుకొచ్చాడు. టోపీలూ తలపాగాలూ కలిసి మెట్ల కింద గుమిగూడాయి. అందుకుని చదివాను:

"మామిడిపండ్ల బుట్టలతో బజారు కిటకిట."

పైన తేదీ చూస్తే ఎండాకాలం నాటిది.

"నీ ఇల్లు బంగారంగాను! మామిడిపండ్లకు సుత పరేషాన్ జేస్తివి గదరా!" అన్నాడు మామ. ఆ వానాకాలమంతటిలో సందు సందంతా ఒక్కటిగా నవ్విన నవ్వు నాకు అదొక్కటే గుర్తుంది.

వెనక్కి తిరిగితే మౌజన్ సాబ్ నా పాదాలకేసే చూస్తున్నాడు. "కాళ్ళు లోపలనే ఉన్నయి," అన్నాడు. "గొంతేమో సందు చివరిదాంక పోయింది. పండుగ అయినంక రా, షురూ చేద్దాం."

ఆ తర్వాత నా బతుకంతా ఆ పిలుపే. ఇప్పుడు మైకు వచ్చింది, నా శిష్యుడు పిలుస్తున్నాడు. ఇఫ్తారుకు బజ్జీలు తెల్ల కాగితంలో వస్తున్నాయి. అయినా అటూ ఇటూ తిప్పి చూస్తాను. గడప మీద వేళ్ళు బిగించుకుని నాలోని ఆనాటి కుర్రవాడు ఇంకా మిగతా ముక్క కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది.